దేవుడి పాఠం... ఏ పీరియడ్‌లో?

ఎనిమిదేళ్ల పిల్లాడికి ఎక్కాలెవరు నేర్పాలన్న విషయంలో ఎవరికీ అనుమానం లేదు. మరి దేవుడి గురించి ఎవరు చెప్పాలి? నాయనమ్మా, గురువుగారా, ఆదివారం బడి టీచరమ్మా, మౌల్వీ సాహెబా... లేక రోజూ వెళ్లే బడా? తాడేపల్లి చుట్టుపక్కల ఈ ప్రశ్నకు నాలుగైదు జవాబులు దొరుకుతాయి. అన్నీ తెల్లారేసరికి నిద్రలేచేవే!

విజయవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ మీదుగా గుంటూరు జిల్లా ఒడ్డుకు చేరగానే తగిలే ఊరు సీతానగరం. తాడేపల్లిలో భాగం. ఒకవైపు కృష్ణమ్మ, మరోవైపు కొండ. 2016 పుష్కరాలప్పుడు ఇక్కడి ఘాట్లలో ఇసుకేస్తే రాలనంత జనం. మామూలు రోజుల్లో మాత్రం బ్యారేజీ మీది హారన్ల మోత దాటి నాలుగడుగులు లోపలికి వేస్తే వినిపించేది వేరే గోల. గోల కాదు, గానం. త్రిదండి చినజీయర్ స్వామి ఆశ్రమం, వేద పాఠశాల ఉన్నది ఈ సీతానగరంలోనే. కాస్త అవతల రామకృష్ణ మిషన్. కూతవేటు దూరంలో ఉండవల్లి గుహలు. నది దాటి విజయవాడలోకి వెళితే గుణదల మేరీమాత కొండ. ఇటు గుంటూరు వెళితే 1842లో ఫాదర్ హయ్యర్ అనే లూథరన్ మిషనరీ వచ్చి మొదలుపెట్టిన చర్చిల, బడుల పరంపర. ఊరూరా మసీదులు, వాటి పక్కన పిల్లల చదువుకు ఓ గది.

ఇంతమంది బోధకుల మధ్య పెరుగుతున్న పిల్లలకు మతం ఎలా అందుతోంది? ఎంత అందుతోంది? అసలు అందేది మతమా, భయమా? పిల్లల్ని బడికి పంపే ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ చర్చ వచ్చే ఉంటుంది. ముఖ్యంగా పిల్లాడు అన్నం ముందు కూర్చుని ‘నాన్నా, మన దేవుడు గొప్పా, వాళ్ల దేవుడు గొప్పా?’ అని అడిగిన రోజున.

ఒకటికి రెండుసార్లు

వేద పాఠశాలలో పలక ఉండదు. పుస్తకం ఉన్నా అది తరవాతి సంగతి. చదువంతా చెవి నుంచి నోటికే. గురువు ఒక్కసారి చెబుతాడు. ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చున్న శిష్యుడు రెండుసార్లు చెబుతాడు. దీన్నే ‘సంత చెప్పుకోవడం’ అంటారు. సంత అయ్యాక వల్లె. ‘ఒరే, పాఠం వల్లె వేశావా?’ అని మనం ఇంగ్లీషు మీడియం పిల్లాణ్ని అడిగే మాట పుట్టింది ఈ పద్ధతిలోంచే.

తెలుగునాట ఎక్కువగా వినిపించేది కృష్ణ యజుర్వేదం, తైత్తిరీయ శాఖ. దాని సంహితలో 7 కాండలు, 44 ప్రశ్నలు. ప్రతి యాభై పదాల ముక్కనూ మనవాళ్లు ‘పనస’ అంటారు. సంహిత మొత్తంలో అలాంటి పనసలు 2198. అదయ్యాక బ్రాహ్మణం, ఆరణ్యకం, ఉపనిషత్తులు. అందుకే ఎనిమిదేళ్లకు కూర్చున్న కుర్రాడు మీసాలొచ్చేదాకా లేవడు.

అక్షరం ఒక్కటే పట్టుకుంటే చాలదు. స్వరం కూడా అంతే కచ్చితంగా రావాలి. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం... గొంతు ఎక్కడ దిగాలో, ఎక్కడ లేవాలో గురువు చెప్పినట్టే ఉండాలి. తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఈ పిల్లలందరికీ ఓ కథ చెబుతారు. ఇంద్రుణ్ని చంపే కొడుకు కావాలని త్వష్ట యజ్ఞం చేశాడు. ‘ఇంద్రశత్రువు వృద్ధి చెందుగాక’ అనాల్సిన మంత్రంలో స్వరం ఒకచోట తప్పింది. దాంతో ‘ఇంద్రుణ్ని చంపేవాడు’ అనాల్సింది కాస్తా ‘ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు’ అయికూర్చుంది. వృత్రాసురుడు అలాగే పోయాడు. ఉచ్చారణ గురించి చిన్నపిల్లలకు ఇంతకన్నా బాగా ఏ ఇంగ్లీషు టీచరైనా చెప్పగలరా!

ఇక క్రమం, జట, ఘనం. పేర్లు వినడమేగానీ చాలామందికి సంగతేమిటో తెలీదు. ‘రాముడు అడవికి వెళ్లాడు’ అన్న మూడు మాటలు తీసుకుందాం. క్రమంలో అయితే ‘రాముడు-అడవికి, అడవికి-వెళ్లాడు’ అని జంటలుగా చెప్పాలి. జటలో ‘రాముడు-అడవికి, అడవికి-రాముడు, రాముడు-అడవికి’ అని ముందుకూ వెనక్కూ జడ అల్లినట్టు అల్లాలి. ఘనంలో ‘రాముడు-అడవికి, అడవికి-రాముడు, రాముడు-అడవికి-వెళ్లాడు, వెళ్లాడు-అడవికి-రాముడు, రాముడు-అడవికి-వెళ్లాడు’. ఒక్క మాట అటూ ఇటూ అయినా ఎక్కడో ఓ చోట పట్టుబడిపోతుంది. కాగితం మీద రాయకుండా వేల ఏళ్లు ఒక గ్రంథాన్ని పొల్లు పోకుండా కాపాడింది ఈ లెక్కే. ఇలా మొత్తం వల్లించగలవాణ్ని ఘనపాఠీ అంటారు. వేదపఠన సంప్రదాయాన్ని మానవాళి వారసత్వ సంపదగా యునెస్కో 2003లో ప్రకటించడానికి కారణమూ ఇదే.

వైష్ణవ సంప్రదాయంలో దీనికి మరో వరస కలుస్తుంది. ఆళ్వార్ల నాలాయిర దివ్యప్రబంధం. నాలుగు వేల పాశురాలు, అంతా తమిళం! ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లాడు సంస్కృత వేదాన్నీ, తమిళ ప్రబంధాన్నీ ఒక్క నోటితో పలకాలి. ధనుర్మాసంలో తిరుప్పావై ముప్పై పాశురాలు తెలుగు లిపిలో అచ్చు వేసుకుని గడగడా చదివే ఆడపిల్లలు మన ఊళ్లలో ఎంతమందో.

ఇంకో తమాషా. ఈ బడికి ఆదివారం సెలవు కాదు. సెలవు తిథిని బట్టి వస్తుంది. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్యలు అనధ్యయనాలు. ఆ రోజుల్లో కొత్త పాఠం చెప్పరు. పక్కింటి కాన్వెంటు పిల్లాడికి ఆదివారం ఎంత ఇష్టమో ఈ పిల్లాడికి అష్టమి అంత ఇష్టం!

ఎనిమిదో ఏట నిర్ణయం

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఆ వయసుతోనే. ఉపనయనానికి గర్భాష్టమం మంచిదంటారు. జ్ఞాపకశక్తికి ఆ వయసే అనువైనదని గురువులూ అంటారు. కానీ ఎనిమిదో ఏట పిల్లాడు తన బతుకుదెరువు తాను నిర్ణయించుకోలేడు కదా. నిర్ణయం అమ్మానాన్నలది. పదిహేనో ఏట ఆ అబ్బాయికి ‘నేను ఇంజినీరునవుతా’ అనిపిస్తే?

ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబే లేదు. నిర్బంధ విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరూ బడిలో ఉండాలంది. 2012లో దానికి చేసిన సవరణ మాత్రం మదర్సాలకూ, వేద పాఠశాలలకూ, ప్రధానంగా మతబోధ చేసే సంస్థలకూ ఆ చట్టం వర్తించదని తేల్చింది. సంప్రదాయాన్ని గౌరవించినట్టూ అయింది, లెక్కల మాస్టారు ఉన్నాడో లేడో అడిగే పని ప్రభుత్వానికి తప్పినట్టూ అయింది. రెండోది పిల్లల వైపు నుంచి చూస్తే అంత మంచి సంగతేం కాదు.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఉజ్జయినిలోని మహర్షి సాందీపని రాష్ట్రీయ వేదవిద్యా ప్రతిష్ఠాన్ వేదంతోపాటు ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ కూడా ఉండే పాఠ్యప్రణాళిక నడుపుతోంది. దాని వేదభూషణ్ పరీక్షను పదో తరగతితో, వేదవిభూషణ్‌ను ఇంటర్‌తో సమానంగా భారత విశ్వవిద్యాలయాల సంఘం 2022లో గుర్తించింది. తిరుపతిలో 2006 నుంచీ శ్రీవేంకటేశ్వర వేద విశ్వవిద్యాలయం ఉంది. పిల్లాణ్ని వేదానికి పంపాలనుకునే తల్లిదండ్రులు ముందు అడగాల్సింది వసతి గురించో, భోజనం గురించో కాదు. ‘ఇక్కణ్నుంచి ఏ పరీక్ష రాయిస్తారు? మావాడు మధ్యలో మనసు మార్చుకుంటే ఏ తరగతిలో చేర్చుకుంటారు?’ అన్న రెండు ప్రశ్నలు. 1884 నాటి తిరుమల ధర్మగిరి పాఠశాల అయినా, నిన్న పెట్టిన పాఠశాల అయినా అడగడంలో తప్పులేదు.

అన్నట్టు, సంప్రదాయ వేద పాఠశాలల్లో చాలాచోట్ల ప్రవేశం ఉపనయనమైన అబ్బాయిలకే. ఆడపిల్లలకు అందులో చోటు లేదు. కాశీలో 1971లో మొదలైన పాణిని కన్యా మహావిద్యాలయంలో ఆడపిల్లలు వేదం చదువుతున్నారు. అది ఆర్యసమాజం దారి. మనవైపు ఆ దారి ఇంకా పెద్దగా తెరుచుకోలేదు.

ఒకే గంటకు రెండు వరసలు

వేద పాఠశాలకు వెళ్లేది వేలమందిలో ఒకడు. మిగతా పిల్లలు వెళ్లేది మామూలు బడికి. వాళ్ల సంగతి?

కాథలిక్ మిషన్ బడుల్లో చదివిన ఎవర్నడిగినా ఒక పీరియడ్ గురించి చెబుతారు. గంట కొట్టగానే తరగతి రెండుగా చీలిపోతుంది. కాథలిక్ పిల్లలు ‘జ్ఞానోపదేశం’ క్లాసుకు, మిగతావాళ్లు ‘మోరల్ సైన్సు’కు. వాళ్లకి క్రీస్తు చరిత్ర, ప్రార్థనలు, తొలి సత్ప్రసాదానికి తయారీ. వీళ్లకి అబద్ధమాడరాదు, పెద్దల్ని గౌరవించాలి, దొరికిన పర్సు తిరిగి ఇచ్చేయాలి. వాళ్లు అటూ వీళ్లు ఇటూ వెళుతున్నప్పుడు పిల్లలకు మొదటిసారి తెలుస్తుంది, తన బెంచీలో పక్కనున్నవాడు తనలాంటివాడు కాదని. చెప్పే పద్ధతిలో తప్పులేదు. ఎవరి మతాన్నీ ఎవరి మీదా రుద్దకూడదన్న ఉద్దేశంతో పెట్టిన ఏర్పాటే. కానీ ఆ గోడకు అవతల ఏం చెబుతున్నారో ఇవతలివాళ్లకు ఎప్పటికీ తెలీకుండానే పదో తరగతి అయిపోతుంది. పక్కవాడు ఉపవాసం ఎందుకుంటున్నాడో తెలీకుండా పదేళ్లు పక్కన కూర్చోవడం... అదీ ఓ వెలితే.

ఆ ఏర్పాటుకు మూలం రాజ్యాంగంలోని 28వ అధికరణం. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదు. ప్రభుత్వ గుర్తింపో సాయమో పొందే బడిలో మతబోధ ఉన్నా పిల్లల్ని బలవంతాన కూర్చోబెట్టకూడదు. పిల్లలు మైనర్లు కాబట్టి అమ్మానాన్నల అనుమతి ఉండాలి. ఇది ఉదయం ప్రార్థనకూ వర్తిస్తుంది. ఈ సంగతి ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? అడ్మిషన్ ఫారంలో సంతకాలు పెట్టే తొందర్లో చదివేవారెంతమంది?

మరి మతం ఊసే ఎత్తకూడదా అంటే, అదీ కాదు. 2000 సంవత్సరపు జాతీయ పాఠ్యప్రణాళికలో అన్ని మతాల గురించీ పిల్లలకు చెప్పాలని రాశారు. దాని మీద అరుణారాయ్ తదితరులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2002 సెప్టెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి చెప్పడం వేరు. రెండోది 28వ అధికరణానికి విరుద్ధం కాదు. వినడానికి తేలిక. తరగతి గదిలోనే కష్టం. రంజాన్ గురించి సోషల్ టీచరు చెబుతున్నప్పుడు ఏ మాట దగ్గర ‘గురించి’ ఆగిపోయి ‘బోధ’ మొదలవుతుంది? బీఈడీలో ఆ గీత గీయడం ఎవరూ నేర్పరు. కాబట్టి ఎందుకొచ్చిన గొడవని చాలామంది ఆ పేజీ తిప్పేస్తారు.

బంగారు వాక్యం, నూరానీ ఖాయిదా

బడి వదిలేసిన ఖాళీని నింపేది ఆదివారాలూ, సాయంత్రాలూ. ఆదివారం బడులకు 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో ఊపు తెచ్చింది రాబర్ట్ రెయిక్స్. అప్పట్లో మతం కన్నా ముందు అవి నేర్పింది చదవడం. వారమంతా కార్ఖానాల్లో పనిచేసే పిల్లలకు ఆదివారం తప్ప తీరిక ఉండేది కాదు మరి. గుంటూరు ప్రాంతపు లూథరన్ సంఘాల్లోనూ మతం, అక్షరం కలిసే వచ్చాయి. బైబిలు చదవాలంటే ముందు అక్షరం రావాలి. ఊళ్లో బడి గడప తొక్కనివ్వని కులాల పిల్లలకు ఆ అక్షరం ఎంత విలువైందో వేరే చెప్పక్కర్లేదు. మార్టిన్ లూథర్ 1529లో పిల్లల కోసం ప్రశ్నా జవాబుల రూపంలో రాసిన ‘చిన్న ఉపదేశం’ ఆ సంఘాలకు పాఠ్యపుస్తకం. ఇప్పుడు ఎండాకాలం సెలవుల్లో నడిపే వీబీఎస్‌లో పాటలు, అభినయాలు, బొమ్మలు, రోజుకో ‘బంగారు వాక్యం’ కంఠతా. చర్చికి రాని ఇళ్ల పిల్లలు కూడా పాటల కోసం వచ్చి కూర్చుంటారు. టీచర్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, జీతం భత్యం లేనివాళ్లే.

మసీదు పక్క గదిలో మక్తబ్ పొద్దున్నే మొదలై బడివేళకు ముగుస్తుంది. అక్షరాలకు నూరానీ ఖాయిదా. అది పూర్తయితే ఖురాన్ చూసి చదవడం- నాజిరా. ఆసక్తి ఉన్నవాళ్లకు మొత్తం కంఠస్థం చేసే హిఫ్జ్. 30 భాగాలు, 114 సూరాలు. అది పూర్తిచేసినవాడు హాఫిజ్. రంజాన్ తరావీ నమాజులో ఆ కుర్రాడి వెనక తాతలు సైతం నిలబడి వింటారు. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు చేసే ‘బిస్మిల్లా’ వేడుక చూస్తే మన అక్షరాభ్యాసం గుర్తుకు రాకమానదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, మక్తబ్‌లో అరబిక్. సీతానగరం కుర్రాడూ, ఈ కుర్రాడూ ఇద్దరూ తమది కాని భాషలో వేల వాక్యాలను ముందు చెవితో పట్టుకుని, అర్థం తరవాత తెలుసుకుంటున్నారు. ఒకళ్లకొకళ్లు పరిచయమయ్యే అవకాశమే తక్కువ. పరిచయమైతే మాత్రం మాట్లాడుకోవడానికి బోలెడుంది.

ఇవి కాక 1969లో మొదలైన సత్యసాయి బాలవికాస్, చిన్మయ మిషన్ బాలవిహార్‌లు, టీటీడీ ధార్మిక పరీక్షలు. జీయర్ ట్రస్టు ‘ప్రజ్ఞ’ తరగతులు అమెరికాలోని తెలుగు పిల్లల వరకూ చేరాయి. అక్కడ వాటి అవసరం ఇంకా ఎక్కువ. 1962, 63లలో అక్కడి సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో ప్రార్థననూ, భక్తిపూర్వకంగా బైబిలు చదివించడాన్నీ నిషేధించింది. దాంతో మతం చెప్పే పని ఇంటికీ, గుడికీ మిగిలింది. ఇంగ్లండుది పూర్తిగా వేరే పద్ధతి. 1944 చట్టం నుంచీ బడిలో మతపాఠం తప్పనిసరి. ఇష్టంలేని తల్లిదండ్రులు చీటీ రాసిచ్చి పిల్లల్ని తప్పించొచ్చు. ఎనిమిది నుంచి పదమూడేళ్ల పిల్లలు చదివే అక్కడి ప్రైవేటు ప్రిపరేటరీ బడుల్లో క్రైస్తవంతోపాటు హిందూ, ఇస్లాం, బౌద్ధ, సిక్కు మతాలూ పాఠాలే. పెద్ద బడిలో చేరేందుకు రాసే ఉమ్మడి ప్రవేశపరీక్షలో దానికో పేపరుంది. దేవుడి పాఠానికి మార్కులు! లండన్ శివారు హారోలో 2008లో ప్రభుత్వ నిధులతో కృష్ణ అవంతి అనే హిందూ ప్రాథమిక పాఠశాల కూడా తెరుచుకుంది. 1882లో ఫ్రాన్సు ఇంకో చిట్కా కనిపెట్టింది. బడిలో మతం వద్దని, వారం మధ్యలో ఒకరోజు సెలవిచ్చి, కావలసినవాళ్లు బయట నేర్పించుకోండంది.

కళ్లు పోతాయ్!

మన ఇళ్లల్లో మాత్రం మతపాఠం ఎక్కువగా రెండు ముక్కల్లో ఉంటుంది. ‘దండం పెట్టు’, ‘తప్పు, కళ్లు పోతాయ్, లెంపలేసుకో’. పిల్లల విశ్వాసాల మీద పరిశోధన చేసిన అమెరికన్ పండితుడు జేమ్స్ ఫౌలర్ 1981లో రాసిన పుస్తకం ప్రకారం ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలు కథను కథగా కాదు, జరిగిన సంగతిగా తీసుకుంటారు. దేవుడితో వాళ్లది ఇచ్చిపుచ్చుకునే లెక్క. కొబ్బరికాయ కొడితే మార్కులు, అబద్ధమాడితే జ్వరం. కాబట్టి ఆ వయసులో ‘కళ్లు పోతాయ్’ అంటే పిల్లాడు నిజంగానే కళ్లు తడుముకుంటాడు. మార్కులు రాకపోతే దేవుడు మాట తప్పాడనుకుంటాడు. ఆ దెబ్బ తగిలేది భక్తికే. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి అయిదు తరగతుల్ని ‘ప్రిపరేటరీ’ దశ అంది. సరిగ్గా ఈ వయసే.

ఈ వయసు పిల్లలకు మతాల ‘గురించి’ చెప్పడానికి తాడేపల్లికి మించిన తరగతి గది లేదు. ఉండవల్లిలో నాలుగంతస్తుల గుహ. తొలినాటి చెక్కడపు తీరు ఒడిశాలోని ఉదయగిరి, ఖండగిరి జైన గుహల్ని పోలి ఉంటుందని పురావస్తు శాఖ చెబుతుంది. లోపలికి వెళితే ఏకశిలలో పడుకున్న అనంతపద్మనాభుడు. అక్కణ్నుంచి నది వెంట పైకి వెళితే అమరావతి. బౌద్ధ స్తూపం, దానికి దగ్గర్లోనే అమరేశ్వరుడు. 2006లో దలైలామా కాలచక్ర నిర్వహించింది అక్కడే. ఇటు మంగళగిరి కొండెక్కితే నరసింహస్వామి నోట్లో పోసిన పానకంలో సగం తిరిగొస్తుందని చెప్పే గుడి. సాయంత్రం గుణదల. ఒక్క బస్సు, ఒక్క రోజు, పులిహోర పొట్లాలు చాలు. తీసుకెళ్లే మాస్టారు ఒక్క జాగ్రత్త పడాలి. ఎక్కడికక్కడ ‘ఇది మనది, అది వాళ్లది’ అనకుండా ‘ఇక్కడికి వచ్చేవాళ్లు ఏమని నమ్ముతారో తెలుసా?’ అని మొదలుపెట్టాలి. పానకం సగమే ఎందుకు తాగుతాడని ఎవరో ఒకరు అడుగుతారు. మిగతా సగం మనకోసమని ఇంకో పిల్లాడు టక్కున చెబుతాడు.